హాథార్న్ గదిలోంచి పంపేసిన ఇద్దరు

ఈ ఎపిసోడ్‌ని ఒక గదితో మొదలుపెడతాను.

అమెరికాలో షికాగో పక్కనే సిసెరో అని ఒక ఊరుంది. అక్కడ వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ వర్క్స్ అని పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. టెలిఫోన్లు, ఎక్స్ఛేంజిలకి కావలసిన సామాను తయారుచేసేవాళ్ళు. 1920ల చివరికొచ్చేసరికి నలభై వేల మంది దాకా పనిచేస్తున్నారు, అంటే ఫ్యాక్టరీయే ఒక ఊరన్నమాట. 1927 ఏప్రిల్‌లో ఆ ఫ్యాక్టరీలో ఒక చిన్న గది విడిగా కట్టి, అందులో ఆరుగురు అమ్మాయిల్ని కూర్చోబెట్టారు. ఐదుగురు రిలేలు బిగిస్తారు, ఆరో అమ్మాయి వాళ్ళకి భాగాలు అందిస్తుంది. రిలే అంటే అరచేతిలో పట్టే ఒక ఎలక్ట్రికల్ స్విచ్. ముప్పై అయిదు దాకా చిన్న చిన్న ముక్కలుంటాయి. ఒకటి బిగించడానికి దాదాపు ఒక నిమిషం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని.

ఎంబీఏ చదివినవాళ్ళు ఈపాటికి గుర్తుపట్టేసి ఉంటారు. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కదా. కథ ఏమిటంటే, ఆ గదిలో ఒక్కొక్క మార్పు చేస్తూ పోయారు. పనిమధ్యలో ఐదు నిమిషాల విరామం ఇచ్చారు, తర్వాత పది నిమిషాలు చేశారు, పొద్దున్న తినడానికి ఏదో పెట్టారు, సాయంత్రం అరగంట ముందు వదిలేశారు. ప్రతి మార్పుకీ ఉత్పత్తి పెరిగింది. చివరికి ఇచ్చినవన్నీ తీసేసి మళ్ళీ మొదటి పద్ధతికి తెచ్చినా ఉత్పత్తి పెద్దగా పడలేదు. రెండేళ్ళ పైచిలుకులో మొత్తం మీద సుమారు 30 శాతం పెరిగింది. అప్పుడు హార్వర్డ్ నుంచి ఎల్టన్ మేయో అనే ప్రొఫెసర్ వచ్చారు, ఆయన ఆస్ట్రేలియా మనిషి. ఆయనా, ఆయనతో ఉన్నవాళ్ళూ దీనికి చెప్పిన అర్థం ఇది: విరామాలు కాదండీ, దీపాలు కాదండీ, ఆ అమ్మాయిల్ని మనుషులుగా చూశారు, వాళ్ళతో స్నేహంగా మాట్లాడారు, అభిప్రాయం అడిగారు, అందుకే పని పెరిగింది.

మేనేజర్ అంటే కర్ర పట్టుకున్నవాడు కాదు, భుజం తట్టేవాడు అనే మాట మేనేజ్‌మెంట్ పుస్తకాల్లోకి అలా వచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లో ఏ ఐటీ కంపెనీలో చూసినా "మీ మేనేజరే మీ కోచ్" అంటున్నారే, ఆ మాటకి ముత్తాత ఈ గదే.

నేనూ చాలా ఏళ్ళు ఈ కథని ఇలాగే చెప్పాను. తర్వాత కొంచెం లోపలికి వెళ్ళి చూస్తే, పాఠాల్లో సాధారణంగా చెప్పని ఒక సంగతి కనపడింది. 1928 జనవరిలో, అంటే ప్రయోగం మొదలై ఏడాది కూడా కాకముందే, ఆ ఐదుగురిలో ఇద్దర్ని ఆ గదిలోంచి పంపేశారు. ఎందుకూ? ఎక్కువ మాట్లాడుతున్నారు, సరిగ్గా సహకరించట్లేదు అని. మీకు ఇష్టమొచ్చినట్టు, హాయిగా పనిచేసుకోండి అని ముందు వాళ్ళకి చెప్పిందీ ఆ కంపెనీయే. మాట్లాడుకుంటున్నారని మందలించిందీ ఆ కంపెనీయే. వాళ్ళ స్థానంలో ఇంకో ఇద్దర్ని తెచ్చారు. వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి చాలా చురుకైనది. ఆమె వచ్చాకే గది వేగం అందుకుంది, తక్కినవాళ్ళని ఆమే ముందుకు తోసింది.

జీతం సంగతి కూడా ఉందండోయ్. మామూలు డిపార్ట్‌మెంట్‌లో గ్రూపు పీస్ రేటు ఉండేది. దాదాపు వంద మంది కలిసి చేసిన పనిని బట్టి అందరి సంపాదనా లెక్క. అలాంటప్పుడు నేను పది రిలేలు ఎక్కువ చేసినా వందమంది లెక్కలో కలిసిపోతుంది, నాకు మిగిలేది ఏమీ ఉండదు. ఈ గదిలో మాత్రం ఆ చిన్న గుంపుకే విడిగా లెక్క కట్టారు. ఎక్కువ చేస్తే ఆ వారమే చేతికి తెలుస్తుంది. ఇంకో ఐదుగురు అమ్మాయిల్ని గది మార్చకుండా, కేవలం జీతం పద్ధతి మార్చి చూస్తే వాళ్ళకీ సుమారు 12 శాతం పెరిగింది, ఆ పద్ధతి ఆపేయగానే పడిపోయింది. 1967లో అలెక్స్ కేరీ అనే ఆయన ఈ లెక్కలన్నీ ముందేసుకుని, భుజం తట్టడం వల్ల పని పెరిగిందనడానికి ఈ ప్రయోగంలో ఆధారమే లేదని కడిగేశారు. నా మటుకు నాకు ఆయన మరీ అంత దూరం వెళ్ళనక్కర్లేదనిపిస్తుంది. ఆ అమ్మాయిలు ఆ గదిలో ఉండటానికి ఇష్టపడ్డారన్నది నిజమే. కానీ నచ్చిన గదిలోంచి నచ్చనివాళ్ళని తీసేసి, మిగిలినవాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో చూడండి అంటే దాన్ని ఏమనాలి?

సరే, హాథార్న్‌లో అంతకన్నా పెద్ద పని ఇంకొకటి జరిగింది. 1928 నుంచి 1930 దాకా 20 వేల మందికి పైగా కార్మికులతో విడివిడిగా కూర్చుని మాట్లాడారు. మొదట్లో ప్రశ్నలు రాసుకుని వెళ్ళేవాళ్ళు: నీ సూపర్‌వైజర్ ఎలాంటివాడు, వెలుతురు చాలుతోందా, ఇలాగ. కార్మికులేమో వీళ్ళు అడిగింది వదిలేసి ఇంట్లో జబ్బుల గురించి, అప్పుల గురించి మొదలుపెట్టేవాళ్ళు. అప్పుడు పద్ధతి మార్చారు. ప్రశ్నలు పక్కన పెట్టి, వాళ్ళని చెప్పనివ్వండి, మీరు వినండి, సలహాలివ్వకండి, వాదించకండి అన్నారు. అరగంటలో అయ్యే ఇంటర్వ్యూ గంటా గంటన్నర పట్టింది. వినడం అనేది కూడా నేర్చుకోవలసిన పనేనని ఫ్యాక్టరీ లోకానికి తెలిసింది అక్కడే. ఆ గొప్ప వాళ్ళకి ఇవ్వాలి.

అయితే విన్నదాన్ని ఏం చేశారు? 1936లో అదే ఫ్యాక్టరీలో కౌన్సెలర్లని పెట్టారు. ఇరవై ఏళ్ళు నడిచింది ఆ కార్యక్రమం. ఆ కౌన్సెలర్ మీ మాట ఓపిగ్గా వింటాడు. కానీ మీ తరఫున వెళ్ళి ఎవరితోనూ మాట్లాడడు, ఏదీ మార్పించడు. ఆ నియమం మీదే అతనికి ఉద్యోగం. ఫోర్‌మన్ అన్యాయం చేశాడని మీరు చెప్తే, మీకు అలా అనిపిస్తోందన్నమాట అంటాడు. గుళ్ళో దేవుడికి చెప్పుకున్నట్టే, కాకపోతే ఈ దేవుడికి కంపెనీ జీతమిస్తుంది.

ఇక్కడ ఒక మెట్టు దిగి, 1940కి రండి. యూరప్‌లో యుద్ధం మొదలైపోయింది. అమెరికా ఇంకా దిగలేదు గానీ ఆయుధాల ఆర్డర్లు వచ్చిపడుతున్నాయి. పనితెలిసిన మనుషులు లేరు. ఆ వేసవిలో ప్రభుత్వం టీడబ్ల్యూఐ అని ఒక చిన్న విభాగం పెట్టింది. ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని పూర్తి పేరు. దానికి పెద్ద చానింగ్ డూలీ. ఆయన పక్కన రెండో మనిషి వాల్టర్ డీట్జ్, ఈయన ఎక్కడినుంచి వచ్చారనుకున్నారు? వెస్ట్రన్ ఎలక్ట్రిక్ నుంచే. హాథార్న్ నడిపిన కంపెనీ నుంచి.

వీళ్ళ ముందుకొచ్చిన తొలి సమస్యల్లో ఒకటి లెన్సులు అరగదీసేవాళ్ళ కొరత. గురి చూసే పరికరాలకి లెన్సులు కావాలి. పూర్తి పనివాడు తయారవడానికి ఐదేళ్ళు పడుతుందని ఆ వృత్తిలో పాతకాపుల లెక్క. వీళ్ళు వెళ్ళి పక్కన కూర్చుని చూశారు. ఆ పనిలో నిజంగా నేర్పు కావలసిన భాగం కొంచెమే, మిగతా చాలా పనులు ఎవరైనా తొందరగా నేర్చుకోగలిగినవే. పనిని ముక్కలు చేసి, కష్టమైన ముక్కని ఎలా నేర్పాలో పద్ధతి పెడితే, ఏళ్ళు నెలల్లోకి వచ్చాయి. అంటే ఇన్నాళ్ళూ ఆ కుర్రాళ్ళు మొద్దులు కాదు, నేర్పేవాడికి నేర్పడం రాదు.

ఈ విభాగం చేసిన పనంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది. పనివాడు నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదని అర్థం. ఈ మాటని వాళ్ళు జేబులో పెట్టుకునే కార్డు మీద అచ్చేసి సూపర్‌వైజర్లకి ఇచ్చారు. నేర్పే పద్ధతి మటుకు అంతకుముందు యుద్ధం నాటిది. ఓడలు కట్టేవాళ్ళకి తొందరగా పని నేర్పడానికి చార్లెస్ అలెన్ అనే టీచరు నాలుగు మెట్లు తయారుచేశారు, 1919లో పుస్తకం కూడా వేశారు. ముందు నేర్చుకునేవాణ్ణి సిద్ధం చెయ్యి, బెదురు పోగొట్టు. తర్వాత పని చూపించు. తర్వాత వాడి చేత చేయించు. ఆ తర్వాత వాడికి వదిలిపెట్టి, మధ్యమధ్య వచ్చి చూస్తూ ఉండు. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది.

అందుకే క్లాసులో ముందు ఒక నాటకం ఆడేవాళ్ళు. పదిమంది సూపర్‌వైజర్లు ఉంటారు, రోజుకి రెండు గంటల చొప్పున ఐదు రోజులు. మొదటిరోజే ఒకణ్ణి లేపి, ఇదిగో ఈ వైరుకి ముడి వెయ్యాలి అంటారు. బల్బు హోల్డర్ లోపల మన ఎలక్ట్రీషియన్లు వేస్తారు చూడండి, వైరు లాగినా కనెక్షన్ ఊడకుండా, ఆ ముడి. శిక్షకుడు నోటితో మాత్రమే చెప్తాడు: కుడి కొసని ఇలా తిప్పి, ఎడమదాని వెనకనుంచి తీసి, ఆ చుట్టులోంచి దూర్చు. పాపం ఆ సూపర్‌వైజరు వెయ్యలేడు. ఇంకొకణ్ణి పిలుస్తాడు. ఈసారి నోరు మెదపకుండా చేసి చూపిస్తాడు. వాడూ వెయ్యలేడు. మూడోసారి, కొంచెం కొంచెంగా, ఎక్కడ జాగ్రత్త పడాలో ఎందుకు పడాలో చెప్తూ చూపించి, వాడి చేత చేయించి, వాడి నోటితోనే ఆ కారణం చెప్పించి నేర్పుతాడు. వేసేస్తాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్న ఫోర్‌మన్లు అక్కడ మౌనంగా కూర్చునేవాళ్ళట. ఉండరూ మరి? చెప్పాను కదా వినలేదు, చూపించాను కదా నేర్చుకోలేదు అని వాళ్ళు ఎంతమందిని తిట్టి ఉంటారో వాళ్ళకే తెలుసు.

ఈ ముడి దగ్గర నా సంగతి ఒకటి చెప్పాలి. చరిత్ర చదవడంలో పడకముందు నేను ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ చదివిన ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు, మిషను మీద పెట్టాను. రెండు వారాల్లో మూడుసార్లు పీసులు పాడుచేశాడు. మూడోసారి పదిమందిలో గట్టిగా అరిచాను, రిపోర్టు కూడా రాశాను. నెలాఖరికి మానేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఎన్నో రోజులకి అదే మిషను మీద ఇంకో కుర్రాడు అదే తప్పు చేశాడు. పక్కన నిలబడి చూస్తే, పీసు బిగించాక ఒక్కసారి తట్టి చూసుకోవాలి, సరిగ్గా కూర్చుందో లేదో శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. నాకు అది చేతికి అలవాటైపోయిన పని, నేను చేస్తానని కూడా నాకు తెలీదు. వాడికి చెప్పలేదు, వీడికీ చెప్పలేదు. మొదటివాడి పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడున్నాడో తెలీదు.

పక్కదారి పట్టాను. మన భాషలో మేస్త్రీ అనే మాట ఉంది కదా, అది పోర్చుగీసు వాళ్ళ మెస్త్రె నుంచి వచ్చింది. ఆ మాటకి అక్కడ గురువు అనే అర్థం కూడా ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి కూలీల మీద అజమాయిషీ చేసేవాడు అనే అర్థం బాగా నిలబడింది, గురువు వెనక్కి జరిగాడు.

టీడబ్ల్యూఐ వాళ్ళ ఇంకో కోర్సు మనుషులతో మెలగడం గురించి. హాథార్న్ నుంచి వచ్చిన ఆలోచన ఇక్కడ కనిపిస్తుంది, కానీ తేడా గమనించండి. వాడు ఎలా చేస్తున్నాడో వాడికి ఎప్పటికప్పుడు చెప్పు. బాగా చేస్తే వేడి మీదే మెచ్చుకో, ఏడాది చివర కాదు. వాడికి సంబంధించిన మార్పేదైనా వస్తుంటే ముందే చెప్పు. వాడిలో వాడకుండా పడివున్న నేర్పు ఏముందో చూడు. తగువు వస్తే ముందు సంగతులన్నీ తెలుసుకో, తొందరపడి తీర్పు చెప్పకు, అలాగని నీ పనిని పైవాడి మీదకి తోసెయ్యకు, నువ్వే తేల్చు, తేల్చాక అది పనిచేసిందో లేదో మళ్ళీ వెళ్ళి చూడు. హాథార్న్ కౌన్సెలర్ విని ఊరుకుంటాడు. ఇక్కడ విన్నవాడే ఏదో ఒకటి చెయ్యాలి. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి మానవ సంబంధాల ఉద్యమం అనేస్తారు పుస్తకాల్లో. నేను ఒప్పుకోను.

యుద్ధం అయ్యేసరికి 16 వేలకు పైగా సంస్థల్లో సుమారు 17 లక్షల సర్టిఫికెట్లు ఇచ్చారు. 1945 సెప్టెంబరులో విభాగాన్ని మూసేశారు. సైనికులు తిరిగొచ్చారు, మనుషుల కొరత తీరిపోయింది, పోటీ ఇచ్చే దేశాలు బూడిదలో ఉన్నాయి, ఇంక ఎవడికి కావాలి ఈ కార్డులు? అమెరికా మర్చిపోయింది.

మర్చిపోనిది జపాన్. ఆక్రమణలో ఉన్న అమెరికా అధికారులే ఈ కోర్సుల్ని అక్కడికి తీసుకెళ్ళారు. 1950ల మొదట్లో టొయోటా వీటిని పట్టుకుంది. నేర్పే కోర్సునైతే దాదాపు ఉన్నదున్నట్టు దశాబ్దాలపాటు వాడుకుంది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు ఊరికి వచ్చాం. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. అక్కడ జనరల్ మోటార్స్‌కి కార్ల ప్లాంటు ఉండేది. కంపెనీలో అంతకంటే చెడ్డపేరున్న ప్లాంటు లేదని చెప్పుకునేవాళ్ళు. ఏ రోజు చూసినా ఇరవై శాతం దాకా మనుషులు రారు. తాగి వచ్చేవాళ్ళు, కార్లలో కావాలని వదులు బోల్టులు వదిలేసేవాళ్ళు, యూనియన్ ఫిర్యాదులు గుట్టలు గుట్టలు. 1982లో మూసేశారు. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే ప్లాంటుని నమ్మీ అనే పేరుతో తెరిచాయి. నడిపేది టొయోటా. ఎవర్ని తీసుకున్నారు? అదే యూనియన్‌ని, ఎక్కువశాతం అదే మనుషుల్ని. కొంతమందిని గుంపులు గుంపులుగా జపాన్ పంపి, టొయోటా ప్లాంటులో కార్మికుల పక్కన నిలబెట్టి పని నేర్పించారు. తిరిగొచ్చాక రెండేళ్ళలో ఆ ప్లాంటు కార్ల నాణ్యత జనరల్ మోటార్స్ మొత్తంలో ముందువరసకి చేరింది. రానివాళ్ళు రెండు మూడు శాతానికి తగ్గారు.

ఏం మారింది? లైను పక్కనే ఒక తాడు కట్టారు. పని ఆలస్యమైనా, తప్పు కనిపించినా లాగొచ్చు. లాగితే టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, ఏం చేశావని కాదు, ఏం కావాలని. సమయానికి సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. పాత ప్లాంటులో లైను ఆపడం అన్నిటికంటే పెద్ద నేరం. ఒక్కో టీమ్ లీడర్ కింద ఐదారుగురే, అదీ ముఖ్యం. నలభైమందిని ఒక్కడికి అప్పజెప్పి, ప్రతివాడికీ కోచ్‌గా ఉండు అంటే అది ఆ సూపర్‌వైజర్‌ని ఎగతాళి చెయ్యడం.

అన్నిటికంటే పెద్దది మాట. కంపెనీ దివాలా అంచుకి వస్తే తప్ప ఎవర్నీ తియ్యం, తియ్యాల్సి వస్తే ముందు మేనేజర్ల జీతాలు కోస్తాం అని ఒప్పందంలో రాశారు. 1988 వచ్చేసరికి కార్లు అమ్ముడుపోలేదు, ప్లాంటు సామర్థ్యంలో సగానికి కాస్త పైన మాత్రమే నడిచింది. ఒక్కణ్ణి కూడా తియ్యలేదు. ఖాళీగా ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. కార్మికులు నమ్మింది అప్పుడు, తాడు కట్టినప్పుడు కాదు. నీ మెరుగైన ఆలోచన చెప్పు, పని తొందరగా అయ్యే దారి చూపించు అని మేనేజర్ అడిగితే, చూపించినందుకు తన ఉద్యోగమే పోదని తెలిస్తేనే కదా ఎవడైనా నోరు విప్పేది.

హాథార్న్‌లో ఇది జరిగిందా? మాంద్యం రాగానే ఇంటర్వ్యూలు ఆగిపోయాయి, వేలమందిని ఇంటికి పంపారు. 1931, 32లో అక్కడే పద్నాలుగు మంది మగవాళ్ళని ఒక గదిలో పెట్టి గమనించారు. వాళ్ళు రోజుకి ఇంతే పని అని తమలో తాము లెక్క పెట్టుకుని అంతకుమించి చెయ్యలేదు. ఎవడైనా జోరు పెంచితే పక్కవాడు భుజం మీద ఒక గుద్దు గుద్దేవాడు. పరిశోధకులకి అది వింతగా తోచింది. ఎక్కువ చేస్తే రేటు కోస్తారనో, మనుషుల్ని కోస్తారనో వాళ్ళ భయం. ఆ ఏడాది బయట వీధుల్లో చూసినవాడికి అందులో వింత ఏముంది?

జనరల్ మోటార్స్ మిగతా ప్లాంట్లలో కూడా ఆ తాడు కట్టి చూసింది. లాగితే మేనేజర్లకి కోపం వచ్చేది. ఎవరూ లాగలేదు.

నమ్మీ కథ కూడా సుఖాంతం కాదండి. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసి పక్కకు తప్పుకుంది. టొయోటా కూడా ఇంక నడపనంది. 2010 ఏప్రిల్ 1న ఆఖరి కారు బయటికి వచ్చింది. సుమారు 4,700 మంది ఇళ్ళకి వెళ్ళారు, ఇరవై ఆరేళ్ళ తర్వాత. ఆ షెడ్లలోనే ఇప్పుడు టెస్లా కార్లు చేస్తున్నారు.

హాథార్న్ వర్క్స్ అయితే 1983లో మూతపడింది. కూలగొట్టి షాపింగ్ సెంటర్ కట్టారు, పాత నీళ్ళ టవర్ ఒక్కటి మిగిలింది. రిలే గదిలో ఐదేళ్ళపాటు ఎవరు ఏ నిమిషానికి ఎన్ని రిలేలు చేశారో, ఎవరు ఏం మాట్లాడారో అంతా రాసిపెట్టారు కాబట్టి ఆ కాగితాలు ఈరోజుకీ చదువుకోవచ్చు. 1928 జనవరిలో వెళ్ళిపోయిన ఆ ఇద్దరి మాటలు కూడా ఆ కాగితాల్లో ఉన్నాయి, వాళ్ళు ఆ గదిలో ఉన్నంతవరకు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.